ఉలవచారు: నిదానపు మంట

ఒక వంటకము రుచి అందులో పడిన దినుసులది ఎంతో, అది పొయ్యిమీద గడిపిన కాలానిది ఎంతో విడదీసి చెప్పడము సులభము కాదు. వంకాయ కూర వంటివాటిలో దినుసుదే పెత్తనము. కాయ లేతదైతే ఇరవై నిమిషాలలో వండినా కూర కూరే. ఉలవచారు అటువంటిది కాదు. అందులో చెప్పుకోదగిన దినుసు ఒక్కటే, ఉలవలు. అవి గింజలలో పెద్ద గౌరవము పొందినవి కావు. గుఱ్ఱాలకూ ఎద్దులకూ దాణాగా పేరుపడినవి. ఆ దాణాను విందుభోజనానికి ఎక్కించినది కాలము. ఒక పగలల్లా నిదానముగా కాగిన కాలము.

మేము చెప్పబోయేది 1960ల నాటి మా ఇంటి రాత్రి భోజనమును గురించి. దానిని ఈనాడు కరెంటుతో కాగే స్లో కుక్కరులో వండుకొనే తీరును గురించి. మాది తెనాలి ప్రాంతపు పల్లె, మాగాణి ఊరు. ఇంట రెండు జతల ఎద్దులు ఉండేవి. దుక్కులు సాగే రోజులలోనూ, ధాన్యము బండ్లు తోలే రోజులలోనూ ఎద్దులకు ఉడికించిన ఉలవలు పెట్టడము మా వైపు రైతు ఇండ్లలో మామూలు. కుంచెడు ఉలవలు రాత్రి నానబోసి, తెల్లవారి పెద్ద కుండలో ఉడికించేవారు. గింజ ఎద్దులకు పోయేది. గింజ ఉడికిన నీరు, దానినే కట్టు అంటారు, వంటఇంటికి వచ్చేది. ఎద్దులు తినగా మిగిలినది మనుష్యులు తిన్నారని కొందరు హాస్యమాడుతూ ఉంటారు. ఆ మాట సరికాదు. గింజ వాటికి, కట్టు మనకు. అది న్యాయమైన పంపకము. ఏడాది పొడుగునా కాడి మోసినవాటికి బలము గింజలో పోయినది, కూర్చుండి తినేవారికి రుచి నీటిలో వచ్చినది.

దాలిగుంట అనే మాట ఈనాటి పిల్లలకు తెలియకపోవచ్చును. పెరటిలో మూరెడు లోతు గుంట త్రవ్వి, అందులో పిడకలు పేర్చి, నిప్పు వేసి, పైన ఊక కప్పేవారు. మంట లేవదు. పొగ సన్నగా వస్తూ ఉంటుంది. సెగ మాత్రము సాయంకాలము దాకా చావదు. ఉదయము పాలకుండ దానిలో పెడితే, పొద్దు వాటారేసరికి పాలు ఎఱ్ఱబడి, పైన రొట్టెవలె మీగడ కట్టేది. ఇక వంటఇంటిలో పొయ్యి ప్రక్కన పొంత ఉండేది. పొయ్యిలోనుండి ఊరకే పోయే సెగ తగిలేటట్లు కట్టిన కన్ను అది. దానిమీద వేడినీళ్ళో, కందిపప్పో ఉండేది. పొంతమీద ఉడికే పప్పును ఎవరూ కనిపెట్టుకొని ఉండనక్కరలేదు. నిదానపు మంట మన ఇండ్లకు పరాయిది కాదని చెప్పడానికే ఇదంతా. పేరు మారినది, ఇంధనము మారినది, అంతే.

ఉలవల కుండకు మొదట పొయ్యి, తరువాత దాలి. కందికంప మంటమీద ఒక్క తెర్లు రానిచ్చి కుండను దాలిలోకి దించేవారు. మధ్యాహ్నానికి గింజ మెత్తబడేది. కట్టు వార్చి, కళాయి పెట్టిన ఇత్తడి గిన్నెలో పోసి, మళ్ళీ పొయ్యి ఎక్కించేవారు. అసలు పని అప్పుడు మొదలయ్యేది. నీళ్ళవలె ఉన్న కట్టు చిక్కబడాలి. అందుకు మూత ఉండరాదు, మంట ఎక్కువ కారాదు, గరిటె ఆగరాదు. చింతపండు పులుసు పడిన తరువాత అడుగు అంటుకొన్నదంటే ఆ వాసన ఇక పోదు. అందువల్ల మా అమ్మ పొయ్యి ముందు పీట వేసుకొని కూర్చుండేది. మూడు గంటలకు కూర్చుంటే దీపాలు పెట్టే వేళకు లేచేది. ఆ మధ్యలో ఇంటిపని ఆగేది కాదు. ఒక చేత గరిటె, ఒక చేత చేట. ఒక చెవి వీధి గుమ్మము వైపు.

రాత్రి వసారాలో వరుసగా పీటలు వేసేవారు. పొగలు లేచే అన్నము, నడుమ గుంట చేసి అందులో ఉలవచారు, దానిపైన దాలిపాల మీగడ. మీగడ కరిగి చారు అంచున తెల్లని చారలు కట్టేది. నంజుకొనడానికి గుమ్మడి వడియాలు. అంతకుమించి ఆ రాత్రి కూరా ఉండేది కాదు, పచ్చడీ ఉండేది కాదు. ఉలవచారు కాచిన నాడు ఇతరమైనవి వండడము దుబారా అని మా నాయనమ్మ తీర్పు. మేమూ ఆ తీర్పుకే కట్టుబడి ఉన్నాము. ఇప్పటి విందులలో ఉలవచారును పది గిన్నెల నడుమ పదునొకండవదిగా చేర్చి ఒక గరిటె వడ్డిస్తున్నారు. అది దానికి చోటు కాదు.

ఆ వరుసలో ఒక పీట తక్కువగా ఉండేది. వడ్డించేది మా అమ్మ కదా. నాన్న, బాబాయిలు, పిల్లలము, తరువాత నాయనమ్మ, అత్తలు. అందరూ లేచిన తరువాత వంటఇంటిలో గిన్నె ముందు పెట్టుకొని అమ్మ తినేది. అప్పటికి అన్నము చల్లారేది. మీగడ అయిపోయేది. గిన్నెలో మిగిలేది అడుగున చిక్కగా పేరుకొన్న గరిటెడు చారు. "అడుగుదే రుచి" అని ఆమె అనేది. మా చిన్ననాటి ఉలవచారు ఎంత బాగుండేదో చెప్పుకొనేటప్పుడు ఈ సంగతిని కూడ దానితోపాటే చెప్పుకొనడము న్యాయమని మా అభిప్రాయము. ఆ రుచికి పెట్టిన వెల డబ్బు కాదు. ఒక మనిషి మధ్యాహ్నము, ఒక మనిషి వేడి అన్నము.

తరువాత ఎద్దులు పోయినవి, ట్రాక్టర్లు వచ్చినవి. దాలిగుంట పూడినది. గ్యాసు పొయ్యి వచ్చినది. మన దేశములో హాకిన్స్ సంస్థ 1959లో మొదలైనది. ప్రెషరు కుక్కరు ఇంటింటికీ చేరడానికి మరికొంత కాలము పట్టినది గాని, చేరిన తరువాత పప్పు ఉడికించడము పదిహేను నిమిషాల పని అయినది. దానిని మేము తక్కువ చేయము. ఆవిరిని బిగించి నీటి వేడిని 100 డిగ్రీలను దాటించి, సుమారు 120 దాకా తీసుకొనిపోయే యంత్రము అది. ఉలవలు అందులో ఒక గంటలోపల ఉడుకుతవి. అయితే దానిని పొయ్యిమీద పెట్టి ఇల్లు విడిచి పోరాదు. ఈలలు లెక్కపెట్టడానికైనా ఒకరు ఉండవలెను.

మా ఇంట ఇప్పటి సమస్య అదే. మా అమ్మకు ఎనభై ఏడేండ్లు. పండ్లు లేవు. చారన్నము, పెరుగన్నము, మెత్తగా ఉడికిన పప్పు, ఇంతే ఆమె భోజనము. ఉలవచారు కావాలని ఆమె అడగదు. కాని సీతాకాలము వచ్చేసరికి ఉలవల ధర ఎంత ఉన్నదని ఒకటికి రెండుసార్లు అడుగుతుంది. మా కోడలు బ్యాంకులో పని చేస్తుంది. ఉదయము తొమ్మిదికి పోయి సాయంకాలము ఆరుకు వస్తుంది. మాకు మోకాళ్ళ నొప్పులు. అయిదు గంటలు పొయ్యి దగ్గర నిలువగలవారు ఇంట ఎవరూ లేరు. ఉన్నా, నిలువుమని అడిగే హక్కు ఎవరికి ఉన్నది? అటువంటి ఇండ్లలో వంటకాలు ఒక్కొక్కటిగా మాసిపోతవి. ఎవరూ వద్దనరు, ఎవరూ మానివేసినామని చెప్పరు. ఒక ఏడు వండరు, మరుసటి ఏడు వండరు, అంతటితో సరి. అంగడిలో సీసాలలో ఉలవచారు దొరుకుతున్న మాట నిజమే. అవసరానికి అది ఉపయోగమే. కాని సీసాలోనిది ఎవరి ఇంటి ఉలవచారు కాదు.

డల్లాసులో ఉన్న మా చెల్లెలి కుమార్తె ఒకసారి మాట్లాడుతూ, అక్కడి ఇండ్లలో స్లో కుక్కరు సాధారణమని, తాను రాజ్మా మొదలు సాంబారుపప్పు దాకా అందులోనే వండుతున్నానని చెప్పినది. ఒకటి పంపుతానన్నది. పంపవద్దన్నాము. అమెరికాలో ఇంటి కరెంటు 120 వోల్టులు, మనది 230. అక్కడ కొన్న వేడి సామాను ఇక్కడ తిన్నగా గోడకు తగిలిస్తే కాలిపోతుంది. ఇక్కడ అమ్మేదే ఒకటి, నాలుగున్నర లీటర్లది, కొన్నాము.

ఈ సామాను పుట్టుక కథ వినదగినది. షికాగోలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఇంజనీరు ఉండేవాడు. ఆయన తల్లిది లిథువేనియా దేశము. యూదులు శనివారము విశ్రాంతిదినముగా పాటించి ఆ రోజు నిప్పు రాజేయరు. అందువల్ల చిక్కుడుజాతి గింజలు, మాంసము, దుంపలు కుండలో వేసి శుక్రవారము సాయంకాలమే రొట్టెలు కాల్చేవారి పొయ్యిలో ఉంచేవారు. రొట్టెల పని ముగిసి పొయ్యి చల్లారుతూ ఉండగా, ఆ మిగిలిన సెగతో రాత్రి అంతా ఉడికి, మరునాటికి భోజనము సిద్ధమయ్యేది. ఆ వంటకాన్ని చోలెంట్ అంటారు. తన చిన్ననాట తల్లి ఆ కుండను పంపిన సంగతిని ఆమె కొడుకుకు చెప్పినది. ఆయన చుట్టూ కరెంటు తీగ చుట్టిన కుండకు రూపము కల్పించి 1936లో పేటెంటుకు దరఖాస్తు పెట్టినాడు. 1940లో అది వచ్చినది. గింజలు ఉడికించే కుండగా అమ్మినాడు. 1970లో ఆయన వ్యాపారమును రైవల్ అనే సంస్థ కొన్నది. 1971లో క్రాక్‌పాట్ అనే పేరుతో దానిని బజారులో పెట్టినది. అప్పుడు అది దేశమంతటా ప్రాకినది. పగలు ఉద్యోగానికి పోయి సాయంకాలము తిరిగివచ్చే స్త్రీలు దానిని కొన్నారు.

మన దేశమువారికీ ఈ ఆలోచన వచ్చినది. బెంగాలులో ఇందుమాధవ మల్లిక్ అనే వైద్యుడు 1910లో ఇక్మిక్ కుక్కరును రూపొందించినాడు. గిన్నె మీద గిన్నె పేర్చి, అడుగున బొగ్గుల కుంపటి ఉంచి, పైన పొడుగాటి డబ్బా మూసేవారు. అన్నము, పప్పు, కూర ఆవిరిమీద తమంతట తాము ఉడికేవి. అక్కడి మిగిలిన సెగ, ఇక్కడి బొగ్గుల కుంపటి, మన దాలిగుంట, ఇవన్నీ ఒకే ఇంటిపేరు గల చుట్టాలు.

స్లో కుక్కరు మా ఇంటికి వచ్చిన నాడు మా అమ్మ దానిని తడిమి చూచినది. లోపలి కుండ మెరుగు పూసిన మట్టిది, బరువైనది. "రాచ్చిప్పవలె ఉన్నదే" అన్నది. ఆ పోలిక సరియైనదే. నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లారుతుంది, చింతపండు పులుపు దానిని తినదు. తరువాత అద్దపు మూత చూచి, "మూత తీయకుండా కాస్తే చారు ఎట్లా చిక్కబడుతుందే?" అని అడిగినది.

"చిక్కబడదు మామ్మగారూ. అందుకని నీళ్ళే తక్కువ పోస్తాను" అన్నది మా కోడలు.

ఈ ఒక్క ప్రశ్నలో, ఒక్క జవాబులో అంతా ఉన్నది. స్లో కుక్కరుతో వచ్చే చిక్కులలో ఎక్కువ భాగము ఈ సంగతి తెలియకపోవడమువల్లనే. అందులోని వేడి మరుగుకు కొంచెము తక్కువ. చాలా రకాలలో 'లో' అన్నా 'హై' అన్నా చివరకు చేరేది సుమారు 93 నుండి 99 డిగ్రీలే. చేరడానికి పట్టే కాలములోనే తేడా. ఆవిరి మూతకు తగిలి నీరై మళ్ళీ కుండలోనే పడుతుంది. కాబట్టి పోసిన నీరు దాదాపు పోసినట్లే ఉంటుంది. పొయ్యిమీది పాత లెక్క ప్రకారము ఒకటికి ఎనిమిది చొప్పున నీళ్ళు పోస్తే, సాయంకాలానికి ఉలవల వాసన గల వేడినీళ్ళు మిగులుతవి. వంటకములో రెండు పనులు ఉన్నవి. గింజలోని సారము నీటిలోకి దిగడము ఒకటి, ఆ నీరు చిక్కబడడము ఒకటి. మొదటిదానికి కాలము చాలు, మనిషి అక్కరలేదు. రెండవదానికి తెరచిన గిన్నె, మంట, గరిటె కావలెను. మొదటి పనిని యంత్రానికి అప్పగించి, రెండవ పనిని చిన్నది చేసుకొనడమే మా పద్ధతి.

ఇక వండే విధము. ఆరుగురికి ఒక పూటకు సరిపోయి, మరునాటికి కొంచెము మిగిలేటట్లు చెబుతున్నాము.

ఉలవలు 400 గ్రాములు తీసుకొనండి. చేటలో వేసి రాళ్ళు ఏరవలెను. ఉలవలలో రాయి గింజ రంగులోనే ఉంటుంది కనుక వెలుతురులో చూడడము మంచిది. రెండు మూడు నీళ్ళు కడిగి రాత్రి తొమ్మిదింటికి నానబోయవలెను. ఉప్పనీటి బావి నీళ్ళలోనూ, సున్నపు పాలు ఎక్కువగా ఉన్న బోరు నీళ్ళలోనూ గింజలు తొందరగా మెత్తబడవు. త్రాగే నీళ్ళు వాడవలెను. రెండేండ్లు నిలువ ఉన్న ఉలవలు ఎంత ఉడికినా బిరుసుగానే ఉంటవి. వాటిని మొలకలకైనా ప్రయత్నించవచ్చును గాని చారుకు పనికిరావు.

ఉదయము ఆ నీరు పారబోసి, నానిన గింజలను మామూలు గిన్నెలో రెండు లీటర్ల నీటితో గ్యాసు పొయ్యిమీద పెట్టండి. బాగా తెర్లడము మొదలైన తరువాత 10 నిమిషాలు అట్లే తెర్లనీయవలెను. పైకి వచ్చిన నురుగు తీసివేయండి. ఈ పని అనవసరమని కొందరు మానివేస్తారు. మానరాదు. చిక్కుడుజాతి గింజలలో లెక్టిన్లు అనే పదార్థములు ఉంటవి. రాజ్మాలో అవి మరీ ఎక్కువ. సరిగా తెర్లని రాజ్మా తింటే వాంతులు, విరేచనాలు పట్టుకొంటవి. తెర్లే నీటిలో అవి చెడిపోతవి. మరుగుకు తక్కువ వేడిలో ఎన్ని గంటలు ఉంచినా నమ్మకము లేదు. అందువల్ల స్లో కుక్కరులో ఏ గింజ వండదలచినా ముందు ఈ 10 నిమిషాలు తప్పనిసరి అని పెట్టుకొంటే మరచిపోవడము ఉండదు. మా అమ్మ కందికంప మంటమీద ఒక్క తెర్లు రానిచ్చి దాలిలోకి దించడములో కూడ ఈ మేలు కొంత ఉన్నది.

స్లో కుక్కరు కుండను గోరువెచ్చని నీటితో తొలిచి, వేడి ఉలవలను నీటితో సహా అందులోకి వంపండి. చల్లని మట్టికుండలో తెర్లే నీరు ఒక్కసారిగా పోస్తే బీట వారవచ్చును. ఆ కుండను గ్యాసు మంటమీద పెట్టడము అసలే కూడదు. కుండ సగానికి తక్కువ కాకుండా, ముప్పాతికకు మించకుండా నిండవలెను. ఉప్పు, చింతపండు ఇప్పుడు వేయరాదు. ముఖ్యముగా చింతపండు. పులుపు తగిలిన గింజ మెత్తబడడానికి మొరాయిస్తుంది. మూత పెట్టి 'హై' మీద ఉంచి మీ పనికి మీరు పొండి. తొమ్మిది గంటలు పడుతుంది. మధ్యలో ఇంట ఉన్నవారు మూత తీసి చూడరాదు. తీసిన ప్రతిసారి పోయిన వేడి తిరిగి రావడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. మా అమ్మ అద్దపు మూతలోనుండి చూచి వస్తూ ఉంటుంది. దానికి అభ్యంతరము లేదు. మాది 200 వాట్లది. రోజంతా కాగినా ఖర్చు రెండు యూనిట్ల లోపే.

కరెంటు పోతే ఏమి చేయాలన్నది మన ఊళ్ళలో అడుగవలసిన ప్రశ్నే. ఇంట మనిషి ఉంటే వెంటనే గ్యాసు పొయ్యిమీదికి మార్చి పూర్తి చేయవచ్చును. ఎవరూ లేనప్పుడు పోయి, ఎంతసేపు పోయినదో తెలియకపోతే, పైకి ఉడికినట్లు కనిపించినా దానిని పారబోయడమే మేలు. 60 డిగ్రీలకు దిగిన తిండిలో సూక్ష్మజీవులు పెరుగుతవి. నాలుగు వందల గ్రాముల ఉలవలకంటె ఇంటిల్లిపాది కడుపు ఎక్కువ.

సాయంకాలము ఆరింటికి మూత తీస్తే గింజ వ్రేళ్ళ మధ్య వెన్నవలె నలుగవలెను. చిల్లుల గిన్నెలో వార్చి, గింజలను గరిటెతో అదిమి కట్టంతా తీయండి. ఒకటిన్నర లీటరు దాకా వస్తుంది. రంగు నల్లగేదె కొమ్మువలె కాకపోయినా, చిక్కని కాఫీకి దగ్గరగా ఉంటుంది. రెండు గుప్పిళ్ళ గింజలను మెత్తగా నూరి కట్టులో కలపండి. మిక్సీలో వేసినా తప్పు లేదు. ఇది మా చిన్ననాటి పద్ధతి కాదు. అప్పుడు గింజ ఎద్దులది. ఇప్పుడు చిక్కదనములో సగము ఈ ముద్దవల్ల వస్తుంది, పొయ్యి దగ్గర గంటన్నర మిగులుతుంది.

వెడల్పాటి గిన్నెలో కట్టు పోసి పొయ్యి ఎక్కించి, పెద్ద నిమ్మకాయంత చింతపండు, అనగా సుమారు 30 గ్రాములు, నానవేసి పిసికిన పులుసు, పసుపు, ఉప్పు, చెంచాడు కారము, కొసరంత బెల్లము వేయండి. గిన్నె వెడల్పుగా ఉండడము ముఖ్యము. అది ఎంత వెడల్పో ఆవిరి అంత తొందరగా పోతుంది. మధ్యమధ్య కలియబెడుతూ ఉంటే అరగంటలో లీటరుకు లోపుగా దిగుతుంది. గరిటె వెనుక పూత పూసినట్లు అంటితే చాలును. చల్లారితే ఇంకా చిక్కబడుతుంది కనుక పొయ్యిమీదనే పాయసము చేయకండి. పోపుకు నేయి, ఆవాలు, జీలకర్ర, నాలుగు మెంతులు, ఎండుమిరపకాయలు, చితుకగొట్టిన వెల్లుల్లి, కరివేపాకు. వెల్లుల్లి వాడనివారు ఇంగువ వేసుకొంటారు. ఉల్లిపాయ ముక్కలు వేసే ఇండ్లూ ఉన్నవి. మా ఇంట వేయరు.

నిలువలేనివారికి మరొక దారి ఉన్నది. ఉదయము నీళ్ళు లీటరున్నరకు తగ్గించి, సాయంకాలము గింజల ముద్ద ఎక్కువగా కలిపి, పులుసు పోసి, మళ్ళీ స్లో కుక్కరులోనే ఒక గంట ఉంచి పోపు పెట్టడము. చారు అవుతుంది. పొయ్యిమీద తెరచి కాచినదానితో సమానమని మేము చెప్పము. మూత లేని గిన్నెలో మరిగేటప్పుడు పచ్చి వాసన పోతుంది, అంచులకు అంటి ఆరిన చారు మళ్ళీ కరిగి లోపలికి దిగుతుంది. ఆ అరగంటను వదులుకొనడము ఎందుకు?

దాలి పొగ వాసన మాత్రము దీనిలో రాదు. రావడానికి ఉపాయాలు చెప్పేవారున్నారు. కాలిన బొగ్గు మీద నేయి పోసి గిన్నెలో మూయమంటారు. మేము చేయము. పోయినది పోయినదని ఒప్పుకొంటే మిగిలినదాని రుచి తెలుస్తుంది. దాలిపాల మీగడకు బదులు, కాచిన గేదెపాలు రాత్రి చల్లని చోట ఉంచి మరునాడు తీసిన మీగడ సరిపోతుంది. ఇంట తీసిన వెన్న అయితే మరీ మంచిది.

ఈ విధముగా వండిన నాడు ఏడున్నరకు అన్నీ బల్లమీదికి వస్తవి. అన్నము, చారు, మీగడ, వడియాలు. ఎవరికి కావలసినది వారు వడ్డించుకొంటారు. మా అమ్మ కుర్చీ పొయ్యివైపు కాక అందరికీ ఎదురుగా వేసినాము. మొదటి గరిటె ఆమెకే. మొదటిసారి ఆమె రెండు ముద్దలు తిని, "పులుపు ఒక పిసరు ఎక్కువైనది" అన్నది. కోడలు బెల్లము మరికొంచెము వేసినది. "అడుగుదే రుచి అనేదానివి కదా" అని మేము అంటే, "వేడి మీద పైదీ బాగానే ఉంటుందే" అని మళ్ళీ అన్నములో గుంట చేసుకొన్నది. ఆ రాత్రి మా కోడలు కూడ మాతోనే కూర్చుండి తిన్నది, అన్నము చల్లారకముందే.

మిగిలిన చారు చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు రోజులు ఉంటుంది. మరునాటికి రుచి పెరుగుతుందన్న మాట నిజము. తిరిగి వేడి చేయడానికి స్లో కుక్కరు వాడకండి. అది చల్లని తిండిని వేడి చేయడానికి చాలా సేపు తీసుకొంటుంది. పొయ్యిమీద చిన్న గిన్నెలో తెర్లనిచ్చి దించండి. వార్చగా మిగిలిన గింజలకు మా ఇంట ఎద్దులు లేవు. వాటిలో సారమంతా పోలేదు. ఉలవలలో నూటికి 22 వంతులు మాంసకృత్తులే, వాటిలో చాలా భాగము గింజలోనే నిలుస్తుంది. ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు పోపులో వేసి, ఉప్పు చల్లి, పచ్చికొబ్బరి కోరు కలిపితే గుగ్గిళ్ళు. బడినుండి వచ్చే పిల్లలకు మరునాటి సాయంకాలము అవే పెడుతున్నాము. పండ్లు ఉన్నవారు నములుతారు. మా అమ్మకు మాత్రము అందులో గుప్పెడు తీసి, మెత్తగా నూరి, పెరుగులో కలిపి ఇవ్వవలెను.